ఫిల్టర్‌లో ఎర్రటి పొడి

ఆ గదిలో సీలు పడనిది నా నోరొక్కటే. మందుల అలమారకి సీలు, ఫ్రిజ్‌కి సీలు, చెత్తబుట్టకి సీలు. ఆఖరికి పెద్దావిడ తల పెట్టుకునే దిండుకి కూడా గుడ్డ చుట్టి, తాడు కట్టి, లక్క కరిగించి ముద్ర కొట్టించాడు ఇన్‌స్పెక్టరు. స్టేషన్‌లో వాళ్ళే ఆయన్ని సీళ్ళాయన అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు నేను ఇన్‌స్పెక్టర్‌గారూ అనే పిలుస్తాను. లేనప్పుడు ఏమంటానో ఇక్కడ రాస్తే బాగుండదు.

"ఏదీ ముట్టుకోకండి మేడమ్," అన్నాడు నేను గుమ్మం దాటీ దాటకముందే.

"గాలి పీల్చుకోవచ్చా?"

"వేళాకోళాలొద్దు. ఇది హత్యాప్రయత్నం కేసు."

నా వెనకాల మా పిన్ని మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, ఎవరూ కూర్చోమనకుండానే గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూలబడింది. ముప్పై ఏళ్ళు కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఉద్యోగం మానేసింది గానీ పాఠం మాత్రం మానలేదు. ఆవిణ్ణి వెంటబెట్టుకు రావడం నాకు సరదా కాదు. ల్యాబ్ రిపోర్టులో ఉందని పొద్దున ఫోన్‌లో విన్న మాట నాకు అర్థం కాలేదు, ఆవిడకి తప్ప నాకు తెలిసినవాళ్ళెవరికీ అర్థం కాదు, అంతే.

కేసేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. పెద్దావిడకి రెండేళ్ళ కిందట పేగులకి రక్తం అందక, ఆపరేషన్‌లో పేగు చాలావరకు తీసేశారు. నోటితో తిన్నది ఒంటికి పట్టదు. అందుకని రోజూ రాత్రి, ఛాతీ దగ్గర అమర్చిన సన్నటి గొట్టంలోంచి తిండి నేరుగా రక్తంలోకే ఎక్కిస్తారు. పాలలా తెల్లగా ఉండే ద్రవం పెద్ద బ్యాగులో వస్తుంది. దాన్లో విటమిన్లూ ఖనిజాలూ కలిపి తగిలించే పని నర్సమ్మది. మొదటి ఏడాది ఆవిడ తోటపని కూడా చేసుకుంది. తర్వాత్తర్వాత నీరసం, తొడల్లో నొప్పులు, మెట్లెక్కితే ఆయాసం. ఈ వారం గుండె సగానికి సగం బలం పోగొట్టుకుని, ఆవిణ్ణి ఐసీయూలో పడేసింది. ఎవరో విషం పెడుతున్నారన్నారు. నిన్న సాయంత్రం నర్సమ్మని అరెస్టు చేశారు. నర్సమ్మ అలాంటిది కాదని, డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది పెద్దావిడ కొడుకు. మంచివాడు. ఎంత మంచివాడంటే, రాత్రి నుంచి ఇప్పటికే నాలుగుసార్లు నాకు తల బొప్పి కట్టించాడు.

"ఇదిగో రిపోర్టు," అంటూ ఇన్‌స్పెక్టరు ఒక కాగితం నా మొహం ముందు ఆడించాడు. "పొద్దునే వచ్చింది. సిరంజిలో సెలీనియం. గొట్టానికి తగిలించిన ఫిల్టర్‌లో సెలీనియం. ఎర్రగా పొడి పొడిగా పేరుకుపోయి ఉంది. ఆ పేరు మీరెప్పుడైనా విన్నారా అసలు?"

"మీరు విన్నారా, ఈ రిపోర్టు రాకముందు?"

"ఎందుకు వినలేదూ? నిన్ననే విన్నాను. పరమ విషం. ఎక్కువైతే జుట్టు రాలుతుంది, గోళ్ళు విరుగుతాయి, గుండె ఆగుతుంది."

"ఎక్కువైతే," అంది పిన్ని కుర్చీలోంచి.

"ఆవిడెవరు?"

"మా పిన్ని."

"పిన్నులూ బాబాయిలూ నేరం జరిగిన చోటికి రాకూడదు మేడమ్!"

"మోకాళ్ళ నొప్పి, ఇప్పుడే లేవలేదు. మీరు కానివ్వండి," అని నేను గది చూడటం మొదలుపెట్టాను.

చూడటానికి మిగిల్చిందేముంది కనక! మంచం పక్కన బ్యాగు తగిలించే స్టాండు. గోడమీద పెద్దావిడ ఫొటో, ఆపరేషన్‌కి ముందు తీసింది. అరవై దాటినా ఒత్తుగా నల్లటి జుట్టు. కిటికీ దగ్గర అద్దం బల్ల. బల్లమీద పౌడరు డబ్బా, కళ్ళజోడు, దువ్వెన. దిండుకి సీలు వేసిన మహానుభావుడు దువ్వెనని ఊరికే వదిలేశాడు.

దువ్వెన పళ్ళలో నాలుగైదు వెంట్రుకలే ఉన్నాయి. జుట్టు ఊడిపోయే మనిషి దువ్వెన అలా ఉండదు. ఒక వెంట్రుక లాగి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. చివర నల్లగా ఉంది. మొదలు వైపు వచ్చేసరికి రంగు వెలిసిపోయి, ఎండుగడ్డిలా ఉంది.

"ఆవిడ తలకి రంగేసుకునేవారా?" అని కేకేశాను వరండాలోకి.

కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఫోన్. "అమ్మా? ఛఛ. ఎప్పుడూ వెయ్యలేదండీ. ఈమధ్య మొదళ్ళు పాలిపోతుంటే, వయసు కదా అని నవ్వేది."

"గోళ్ళు విరిగేవా?"

"విరగలేదు. కానీ గోళ్ళ కింద తెల్లగా అయిపోయింది. రక్తం లేదేమోనని బాబాయ్ ఇనుము మందు రాశాడు."

ఆ బాబాయ్ ఆవిడ మరిది, అంటే చనిపోయిన భర్తకి తమ్ముడు. డాక్టరు. ఆపరేషన్ నాటి నుంచీ వైద్యం ఆయనదే. ఇప్పుడావిడ ఉన్న ఐసీయూ కూడా ఆయన నర్సింగ్‌హోమ్‌లోదే.

"ఊపిరి వదిలితే వెల్లుల్లి వాసన వచ్చేదా?" అని అడిగింది పిన్ని.

"అబ్బే, లేదండీ."

పిన్ని నావైపు చూసి కనుబొమలెగరేసింది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పరీక్ష పేపరు దిద్దుతూ తప్పు ఎక్కడుందో కనిపెట్టినప్పటి చూపు అది.

"ఏమిటి పిన్నీ?"

"ముందు ఆ నర్సుని మాట్లాడించు. నాకో అనుమానం ఉంది. తప్పైతే పరువు పోతుంది."

మనుషుల ప్రాణాలు పోతుంటే ఈవిడ పరువు ఒకటి! పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

నర్సమ్మని ఇన్‌స్పెక్టరే అక్కడికి రప్పించాడు, విషం ఎలా పెట్టిందో చేసి చూపించడానికి. యాభై దాటిన మనిషి. పక్కన ఆడ కానిస్టేబులు. నర్సమ్మ గదిలోకి వస్తూనే, అలవాటు కొద్దీ, మూల ఉన్న సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోబోయింది. ఆ కుళాయికి కూడా సీలుంది. తడి చేసుకోవాల్సిన చేతులని అలాగే గాల్లో పట్టుకుని నా వైపు తిరిగింది.

"అమ్మగారికెలా ఉందండీ? నిన్నట్నుంచి అడుగుతున్నా, ఒక్కళ్ళూ చెప్పరు."

నాకు ఇన్‌స్పెక్టరు మీద ఒళ్ళు మండిపోయింది. "ఉన్నారు. కానీ బాగాలేరు," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మీరు రోజూ చేసేది మొదట్నుంచి చెప్పండి. ఏదీ దాచకండి."

"దాచడానికేముందండీ. బ్యాగు తీస్తాను. దాన్లో కలపాల్సినవి చిన్న గాజు బుడ్లలో ఉంటాయి. విటమిన్ సి ఒక బుడ్డి, సెలీనియం ఒక బుడ్డి. సిరంజితో లాగి, బ్యాగుకున్న రబ్బరు మూతలోంచి కలుపుతాను."

"విన్నారా! తన నోటితోనే ఒప్పుకుంది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కలపమని రాసిచ్చిన మందే కదయ్యా అది!" అంది పిన్ని. "ఒప్పుకోవడమేమిటి? నువ్వు పొద్దున కాఫీలో పంచదార వేసుకున్నానని ఒప్పుకుంటావా?"

"ఎంత వెయ్యాలో అంత వేశారా?" అన్నాను నేను, వాళ్ళిద్దరి మధ్యా దూరి.

"ఒక్క చుక్క ఎక్కువా తక్కువా లేదండీ. మా అమ్మాయి మీద ఒట్టు."

"రెండిటికీ రెండు సిరంజిలా?"

నర్సమ్మ చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మొదట్లో రెండే వాడేదాన్నండీ. తర్వాత ఒకసారి అమ్మగారికి ఆ గొట్టంలో ఇన్ఫెక్షను వచ్చింది. వణుకుడు జ్వరం. చచ్చి బతికారు. బ్యాగుకి సూది ఎన్నిసార్లు గుచ్చితే అన్నిసార్లు క్రిమి లోపలికి పోయే దారి ఇచ్చినట్టు కదండీ. అందుకని నేనే అనుకున్నాను, ఒకే పోటుతో అయిపోవాలని. సాయంత్రం తీరిగ్గా రెండూ ఒకే సిరంజిలోకి లాగి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచేదాన్ని. రాత్రి బ్యాగులో కలిపేసేదాన్ని."

పిన్ని కుర్చీ కిర్రుమంది. లేచి నిలబడింది. మోకాళ్ళ నొప్పి ఏమైందో మరి.

"విటమిన్ సీ, సెలీనియమూ ఒకే సిరంజిలోనా? నీళ్ళు కూడా కలపకుండా? గంటలకి గంటలు?"

"అవునండీ."

"రంగు మారేదా?"

"రాత్రికి లేత గులాబీ రంగొచ్చేది. ఒక్కోరోజు ఇటుక రంగు."

"అదిగో! విషం రంగు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిన్ని తల కొట్టుకుంది. నిజంగానే, అరచేత్తో, చప్పుడయ్యేలా.

"ఒరే నాయనా," అంది. ఇన్‌స్పెక్టర్‌ని ఒరే అన్నవాళ్ళు ఆ ఇంట్లోనే కాదు, ఆ జీపు తిరిగే మేరలో ఎవరూ ఉండరు. "ఆ ఎరుపు విషం కాదురా. చేజారిపోయిన మందు. ఆ బుడ్డిలో ఉన్నంతసేపూ సెలీనియం నీళ్ళలో కరిగి ఉంటుంది, ఒళ్ళు వాడుకోగలదు. చిక్కటి విటమిన్ సి తగిలిందా, విరిగిపోయి ఎర్రటి పొడైపోతుంది. పాలలో నిమ్మరసం పిండినట్టు. ఆ పొడి ఒంటికి పనికిరాదు. పైగా మధ్యలో ఫిల్టరొకటి! ఉన్న పొడి కాస్తా దానికి పట్టుకుపోయింది. ఆవిడ రక్తంలోకి ఏం పోయిందనుకుంటున్నావు? ఏమీ పోలేదు. నెలల తరబడి ఏమీ పోలేదు."

"పోకపోతే ఇంకేం? మంచిదేగా!"

నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. గోడకి కూడా సీలుంటుందేమోనని ఊరుకున్నాను.

"పిన్నీ, ఆయనకి అర్థమయ్యేలా చెప్పు. నాకూ అర్థమయ్యేలా చెప్పు. త్వరగా చెప్పు."

త్వరగా అన్న మాట మా పిన్నికి వినపడదు. కళ్ళజోడు సర్దుకుంది.

"సెలీనియం ఎక్కువైతే విషమే, అందులో నీ తప్పు లేదు. కానీ కాస్త ఉండి తీరాలి. మన ఒంట్లో ఓ పాతిక రకాల ప్రొటీన్లలో అది కూర్చుని ఉంటుంది. ప్రొటీన్ కత్తి అనుకో, ఇది దాని పదును. పదును లేని కత్తి ఉత్త ఇనప ముక్క. అసలా ప్రొటీన్‌ని అల్లడమే ఒక వింత. కణంలో అల్లే యంత్రం చదువుకుంటూ పోతుంటే, మధ్యలో 'ఇక ఆపు' అన్న గుర్తు వస్తుంది. సెలీనియం చేతిలో ఉంటే ఆ గుర్తుని లెక్కచెయ్యకుండా దాన్నక్కడ తగిలించి ముందుకెళ్తుంది. లేకపోతే ఆగిపోతుంది. సగం అల్లిన ప్రొటీన్..."

"పిన్నీ!"

"వస్తున్నానే. గుండె సంగతికే వస్తున్నా. కండ పనిచేసేటప్పుడు లోపల పెరాక్సైడ్లు పుడతాయి. నిప్పురవ్వలనుకో. వాటిని ఎప్పటికప్పుడు ఆర్పే ప్రొటీన్‌కి పదును సెలీనియమే. గుండె ఒక్క క్షణం ఆగదు, దానికి రవ్వలెక్కువ. ఆర్పే దిక్కు లేకపోతే కండ మెల్లిగా దెబ్బతినిపోతుంది. తొడల్లో నొప్పి అందుకే. బాబూ, మీ అమ్మగారికి థైరాయిడ్ పరీక్ష చేశారా?"

గుమ్మంలో ఉన్న కొడుకు ఫోన్‌లో వెతికి చదివాడు. టీ-ఫోర్ ఎక్కువ, టీ-త్రీ బాగా తక్కువ.

"చూశావా! గ్రంథి తన పని తను చేస్తూనే ఉంది. అది వదిలే టీ-ఫోర్ పచ్చిసరుకు. దాన్లోంచి ఒక అయోడిన్ తీసేస్తే గానీ పనికొచ్చే టీ-త్రీ కాదు. ఆ తీసేది కూడా సెలీనియం ప్రొటీనే. లేదు కాబట్టి సరుకంతా అక్కడే నిలిచిపోయింది. జుట్టు రాలలేదు, వెలిసింది. గోళ్ళు విరగలేదు, కింద పాలిపోయాయి. ఇవన్నీ ఎక్కువైనదానికి గుర్తులు కావు, లేనిదానికి గుర్తులు."

"ఆవిడ ఐసీయూలో కూడా తెలివిగానే మాట్లాడుతున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అదేదో పిన్ని వాదాన్ని పడగొట్టే మాటన్నట్టు.

"మాట్లాడుతుంది! సెలీనియాన్ని మోసుకెళ్ళే ప్రొటీన్ ఇంకొకటుంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. కరువొచ్చినప్పుడు ఉన్న కాస్తా మెదడుకే ముందు చేరుతుంది. మిగతావాళ్ళకి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకే బుర్ర చక్కగా ఉంది, గుండె పోతోంది."

కొడుకు ముఖం వెలిగిపోయింది. "అయితే సెలీనియం ఇస్తే అమ్మ బతుకుతుందా అండీ?"

"సరైన మోతాదులో, వేరేగా, ఇవాళే మొదలుపెడితే ఆశ ఉంది. ఇంకా జాప్యం చేస్తే చెప్పలేను."

అతను ఫోన్ చెవికి పెట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు. ఆ సంతోషం చూసి నేనూ పట్టించుకోలేదు. నా బుర్ర వేరేచోట ఉంది.

నర్సమ్మ మాత్రం నిలబడ్డచోటే గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

"అంటే నేనేనా అండీ?" అంది. "విషం పెట్టలేదు గానీ, నా చేతుల్తోనే..."

ఆవిడ పక్కనే నేలమీద కూర్చున్నాను.

"నర్సమ్మగారూ, ఆ ఎర్ర రంగు చూసి మీకు అనుమానం రాలేదా?"

"రాకేమండీ? మొదటిసారి వచ్చిన రోజే డాక్టరుబాబుకి చూపించాను."

గదిలో ఉన్నట్టుండి అందరూ ఆవిడ వైపు తిరిగారు. నిన్నట్నుంచి ఈ ముక్క ఇన్‌స్పెక్టరు అడిగిన పాపాన పోలేదు.

"ఆయన ఏమన్నారు?"

"సిరంజి తీసుకుని, ఆ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత నవ్వి, అది విటమిన్ రంగే, మంచి పని చేస్తున్నావు, ఒకే పోటుతో కలపడం చాలా మంచిది, ఇలాగే చెయ్యి అన్నారు. మర్నాడు ఫిల్టర్లు ఆయనే తెచ్చి గొట్టానికి తగిలించారు. అంతకుముందు ఫిల్టరు లేదండీ. వాడినవి పారెయ్యకుండా తనకే ఇమ్మన్నారు. మొన్నటిది ఒకటి ఇవ్వడం మర్చిపోయాను. అదే పోలీసులకి దొరికింది."

"ఇదిగో చూడు," అని ఇన్‌స్పెక్టరు వేలు చూపించాడు, "పెద్దమనిషి మీద నింద వేశావంటే..."

"ఇన్‌స్పెక్టర్‌గారూ," అని లేచాను. "ఆ ఫిల్టరు ల్యాబ్‌కి ఎప్పుడు పంపారు?"

"నిన్న సాయంత్రం. సీలు వేసి."

"ఏం వెతకమని పంపారు?"

"సెలీనియం."

"రిపోర్టు ఇవాళ పొద్దున కదా వచ్చింది. నిన్న సాయంత్రానికే ఆ పేరు మీకెవరు చెప్పారు?"

ఇన్‌స్పెక్టరు చేతిలోని రిపోర్టు మీద తేదీ చూసుకున్నాడు.

"డాక్టరుగారే చెప్పారు. చూడగానే పోల్చారు. అనుభవం ఉన్నవారు!"

"రంగు చూసి సెలీనియం అని పోల్చగలిగిన మనిషి, అన్ని నెలల కిందట ఇదే కిటికీ దగ్గర నిలబడి అది విటమిన్ రంగని ఎందుకు చెప్పాడు? పోనీ విషమే అనుకుందాం. విషం పెట్టేవాళ్ళు ఎవరైనా అది లోపలికి పోకుండా ఫిల్టరు పెడతారా? ఫిల్టర్‌లో దొరికిందంటేనే ఆవిడ ఒంట్లోకి పోలేదని! సాక్ష్యం అంటూ మీరు సీలు వేసి దాచుకున్నది అదేనండీ. రక్తం పంపారా పరీక్షకి?"

"రక్తమెందుకు? విషం దొరికిందిగా..." అని నీళ్ళు నమిలాడు.

"దొరికింది బయట! ఆవిడ లోపల ఎంతుందో చూడొద్దా?"

"రక్తం అక్కర్లేదని డాక్టరుగారే అన్నారు." ఈసారి ఆయన గొంతు చిన్నదైంది. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "ఆయనే చెప్పారు మేడమ్. సెలీనియం చుక్క కూడా తగలకూడదని, నా పేరు మీద ఐసీయూకి ఆర్డరు కూడా పంపించాను."

"ఎండిపోతున్న మొక్కకి నీళ్ళు పొయ్యొద్దని పోలీసు ఆర్డరు!" అంది పిన్ని. "ఇంత చదువు చెప్పి నేనేం సాధించానో నాకు తెలీడంలేదు."

ఇదీ ఆ డాక్టరు పన్నాగం. పైకి చూస్తే, శుభ్రం కోసమన్నట్టు ఒక ఫిల్టరు తగిలించడం తప్ప చేసిందేమీ లేదు. సూది గుచ్చలేదు, మందు మార్చలేదు. నర్సమ్మ మంచికి పోయి చేసిన పొరపాటు కళ్ళారా చూశాడు, దాని ఫలితమేమిటో తెలుసుకున్నాడు, శభాష్ అని భుజం తట్టి ఊరుకున్నాడు. కోర్టులో నిలబెడితే, నేనేం చేశాను అని అడుగుతాడు. అడగ్గలడు కూడా. ఇన్నేళ్ళలో నేను చూసిన హంతకులందరూ ఏదో ఒకటి చేసినవాళ్ళే.

"ఎందుకు చేస్తాడు? సొంత వదిన!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ అడగడంలో ఇందాకటి బింకం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

ఆ జవాబు నాకూ తెలీదు. వరండాలోంచి కొడుకుని పిలిచాను.

"మీ బాబాయ్ నర్సింగ్‌హోమ్ బిల్డింగ్ ఎవరిది?"

"అమ్మదండీ. నాన్న అమ్మ పేరునే కట్టించాడు. ఎందుకు?"

"అమ్మకీ ఆయనకీ ఏమైనా గొడవలున్నాయా?"

అతను ఇబ్బందిగా కదిలాడు. "గొడవంటే... అక్కడ అక్కర్లేని ఆపరేషన్లు చేస్తున్నారని ఎవరో అమ్మకి చెప్పారు. అమ్మ కనుక్కుంటే నిజమేనట. ఖాళీ చెయ్యమంది. బాబాయ్ బతిమాలాడు. సరే, నా ఒంట్లో కాస్త బాగున్నాక మాట్లాడదాం అని అమ్మ వాయిదా వేసింది. ఆరోగ్యం బాగుపడలేదు, ఆ మాట అలాగే ఉండిపోయింది."

బాగుపడకపోవడానికి కారణం ఇప్పుడు ఆ గదిలో అందరికీ తెలుసు, అతనికి తప్ప.

ఇన్‌స్పెక్టరు బల్లమీది టోపీ తీసి పెట్టుకున్నాడు. ఆయనలో ఒక మంచిగుణం ఉంది, ఒప్పుకోవాలి. తప్పని తెలియడానికి చాలా టైము తీసుకుంటాడు గానీ, తెలిశాక మాత్రం బుకాయించడు. "ఆవిడకి ఆ సెలీనియం ఇప్పించాలి. ముందు ఆ పని చేద్దాం," అన్నాడు. "అరెస్టు సంగతి తర్వాత. నా ఆర్డరు నేనే రద్దు చేస్తాను. ఇంకో ఆస్పత్రి నుంచి డాక్టర్ని కూడా పిలిపిస్తాను. ఆయనకి మాత్రం ఇప్పుడే ఏమీ తెలియకూడదు."

"ఎవరికండీ?" అన్నాడు కొడుకు.

"మీ బాబాయ్‌కి."

"బాబాయ్‌కా? నేను ఇందాకే చెప్పేశానే!"

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచాను. అతను ఇంకా అక్కడే ఉన్నాడు, చేతిలో ఫోన్‌తో, అమాయకంగా.

"ఏం చెప్పారు?"

"అన్నీ చెప్పానండీ. ఎర్ర పొడి, ఫిల్టరు, ప్రొఫెసర్‌గారు చెప్పిందంతా. బాబాయ్ ఎంత సంతోషించాడో! వెంటనే మొదలుపెట్టేస్తాను, వాళ్ళకి నా థాంక్స్ చెప్పు అన్నాడు."

"మిమ్మల్ని..." అని మొదలుపెట్టి ఆపేశాను. అప్పటికే ఇన్‌స్పెక్టరు ఐసీయూకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. రెండోవైపు ఒక ఆడపిల్ల గొంతు పలికింది. డ్యూటీ సిస్టరట.

"నమస్తే సార్. పేషెంటుకి సెలీనియం మొదలుపెట్టేశాం సార్. మీ ఆర్డరు రద్దయిందని డాక్టరుగారు చెప్పారు. డిటెక్టివ్ మేడమ్‌గారూ వాళ్ళ ప్రొఫెసర్‌గారూ చెప్పిన ప్రకారమే ఇస్తున్నామని కేస్‌షీట్‌లో కూడా రాయించారు."

మా పేర్లు ఎందుకు రాయించాడో ఆ క్షణంలో నాకు తట్టలేదు. పిన్నికి తట్టింది. ఇన్‌స్పెక్టరు చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఎంతిస్తున్నారమ్మా?"

"స్టోర్లో ఉన్నవన్నీ తెప్పించారండీ. రెండు పెట్టెలు. అన్నీ కొట్టి ఒకే డ్రిప్పులో కలిపాం. లోటు చాలా ఉంది, త్వరగా పూడ్చాలన్నారు."

మా పేర్లు ఎందుకో అప్పుడు తట్టింది నాకు, పెద్దావిడ పోతే నేరం మా మీదే. నా జన్మలో మొదటిసారి పిన్నికి మాట రాకపోవడం చూశాను.

"ఆపమను," అని మాత్రం అంది నాతో. "అంత ఇస్తే గుండె ఆగిపోతుంది. ఇప్పుడున్న గుండె గంట కూడా తట్టుకోలేదు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. జీపు తియ్యమని కేకలు వినపడుతున్నాయి. నర్సింగ్‌హోమ్ ఊరికి అవతలి చివర. ఎంత తోలినా అరగంట.

"సిస్టర్, ఆ డ్రిప్పు ఆపండి! ఇప్పుడే!" అని అరిచాను.

"డాక్టరుగారు చెప్పకుండా నేనెలా ఆపుతానండీ? నా ఉద్యోగం..."

అప్పుడు నర్సమ్మ నేలమీంచి లేచింది. కానిస్టేబులు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని ఫోన్ దగ్గరికి వచ్చింది. ఇంతసేపూ వణికిన గొంతు కాదది.

"ఒసేయ్ అమ్మాయ్, నేనూ నర్సునే. ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. ఉద్యోగం తర్వాత చూసుకుందువు గాని, ముందు గొట్టం మడిచి చేత్తో గట్టిగా నొక్కి పట్టుకో. ఒక్క చుక్క కూడా దిగకూడదు. అమ్మగారి మొహం చూడు. చెమటలు పడుతున్నాయా?"

ఏవో కదిలిన చప్పుళ్ళు. తర్వాత ఆ పిల్ల భయంభయంగా అంది.

"పడుతున్నాయమ్మా."

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. మూడోవంతు వరకూ వెళ్ళిపోయిందమ్మా."

"వదలకు. ఎవరేమన్నా వదలకు. మేం వచ్చేస్తున్నాం."

అవతల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఎవరో నడిచి దగ్గరికి వచ్చారు. కొడుకు తల ఎత్తాడు, ఆ అడుగుల చప్పుడు అతనికి తెలుసు. తర్వాత ఒక మగ గొంతు వినిపించింది. ఎంత నెమ్మదిగా, ఎంత ఆప్యాయంగా ఉందంటే, మొదట నాకు భయం కూడా వెయ్యలేదు.

"ఏం తల్లీ, ఏం చేస్తున్నావు? చెయ్యి తియ్యి."

ఫోన్ కట్టయిపోయింది.